అబ్రహాము మాస్టారి కానుక

వీరబ్రహ్మం మూడు చెక్కముక్కల మీద మూడు రంగులు వేసి గుడి వరండా గట్టు మీద ఆరబెట్టాడు. ఒకటి క్లియర్, ఒకటి టేకు రంగు, ఒకటి వాల్‌నట్. రాజ్ కుమార్ వచ్చి మూడోదాన్నే చేతిలోకి తీసుకుంటాడని ప్రసన్నకుమారికి ముందే తెలుసు. రొయ్యల మేత అమ్మి పైకొచ్చిన మనిషికి నల్లగా నున్నగా మెరిసేదల్లా గొప్పగానే కనిపిస్తుంది. అతని కారు అలాగే ఉంటుంది, బూట్లు అలాగే ఉంటాయి, రంగేసిన జుట్టూ అలాగే ఉంటుంది.

అతను మూడోదాన్నే తీసుకున్నాడు.

"ఇదండి. ఇదీ లుక్కంటే. హైదరాబాదులో ఏ ఆఫీసుకెళ్ళినా ఇదే రంగండి, టీచరుగారూ."

"ఇది ఆఫీసు కాదు కదండీ, గుడి," అంది ప్రసన్నకుమారి.

"గుడే అనుకోండి. గుడికి ఆఫీసు గది కట్టించాం కదా. గదంతా కొత్తగా ఉండి బల్లొక్కటీ పాతగా ఉంటే ఏం బాగుంటుంది?"

కట్టించాం అని అతను ఎంత తేలిగ్గా అన్నా అందులో కట్టించాను అన్నది వినపడుతూనే ఉంటుంది. గది గుమ్మం మీద పాలరాతి పలక అప్పుడే ఎక్కింది, కీర్తిశేషులు దానియేలు గారి జ్ఞాపకార్థం అని. సంఘానికి ఏదైనా వస్తువు ఇచ్చినవాళ్ళు దాని మీద పేరు రాయించుకోవడం ఆ ఊళ్ళో మొదటినుంచీ ఉన్నదే. ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లుంటాయి. ఫ్యాను తిరుగుతుంటే కనపడవు, కరెంటు పోతే తీరిగ్గా చదువుకోవచ్చు. కానీ రాజ్ కుమార్ కోశాధికారి అయ్యాక మైకు మీదా దానియేలే, వాటర్ కూలర్ మీదా దానియేలే, ఆఖరికి చెప్పుల స్టాండు మీదా దానియేలే. బతికున్నన్నాళ్ళూ పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప గుడి మెట్లెక్కని మనిషి ఇప్పుడు గుడంతా తానే అయిపోయాడు. ఇప్పుడు అతని కొడుకు కన్ను బల్ల మీద పడింది.

బల్ల వరండాలో రెండు స్టూళ్ళ మీద ఉంది. ఏటా క్రిస్మస్ ముందు ఎవరో ఒకరు పూసిన చాక్లెట్ రంగు పెయింటు పొరలు పొరలుగా పేరుకుపోయి, నిన్నటిదాకా అది కర్రో రేకో కూడా తెలిసేది కాదు. వీరబ్రహ్మం రిమూవర్ పూసి, ఉబ్బిన పెయింటుని రేకుతో గీకి, పైపైన ఎమెరీ పేపరు పట్టేసరికి అడుగునుంచి టేకు బయటపడింది. నడిమధ్యలో చెక్కిన అక్షరాలు కూడా తేటగా కనిపిస్తున్నాయి. పైన "అబ్రహాము మాస్టారి" అనీ, జానెడు ఖాళీ వదిలి కింద "కానుక" అనీ.

ప్రసన్నకుమారి వేలితో తండ్రి పేరు నిమిరింది. ఆ అక్షరాలు ఆయన తన చేత్తో చెక్కుకున్నవి. అలా గుండ్రంగా, దించిన కొమ్ము దించినట్టు, ఇచ్చిన దీర్ఘం ఇచ్చినట్టు రాసే చెయ్యి ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఆమెకు మనుషుల్ని వాళ్ళ దస్తూరీని బట్టి కొలిచే అలవాటుంది. ముప్ఫై ఏళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో పలకలు దిద్దిన అలవాటు. రాజ్ కుమార్ సంతకం చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది. కింద ఉన్న "కానుక" చూసినా కొంచెం అలాగే ఉంది. సున్నా చుట్టడం రానివాడెవడో మేకుతో పొడిచినట్టున్నాయి ఆ అక్షరాలు. చెయ్యి నొప్పెట్టి నాన్నగారు ఆ ఒక్క మాటా ఎవరో పనివాడికి వదిలేసి ఉంటారని ఆమె అనుకుంది.

"వాల్‌నట్ వేస్తే ఈ అక్షరాలేమవుతాయి, వీరబ్రహ్మం?"

వీరబ్రహ్మం పెనుగొండ నుంచి వచ్చిన పాలిష్ మేస్త్రీ. ఏ రంగయినా అతనికి ఒకటే, కాకపోతే తొందరగా అయ్యేది ఇష్టం. "లప్పం పెట్టి పూడ్చేత్తానండి. గుంటలుంటే పైన పీయూ పాలిష్ అద్దంలా కూర్చోదు. క్లియర్ అయితే గుడ్డతో చేత్తో రుద్దే లక్క పాలిషండి, అక్షరాలు అలాగే ఉంటాయి. రంగు కూడా ఇదిగో, కర్ర రంగే."

"విన్నారా?" అంది ప్రసన్నకుమారి.

రాజ్ కుమార్ విన్నాడు. అది అతనికి ముందే తెలుసని అతని మొహమే చెబుతోంది. "ముందువైపు బంగారు అక్షరాలతో మా నాన్నగారి పేరు వేయిద్దామనుకుంటున్నానండి. ఒక బల్ల మీద రెండు పేర్లంటే గందరగోళం కదండీ."

"గందరగోళం లేకుండా ఉన్న పేరు పూడ్చేస్తారన్నమాట."

"అయ్యో, నేనలా అన్నానా?"

కృపారాణి టీ గ్లాసులు తెచ్చింది. గుడి ఊడ్చేదీ, గంట కొట్టేదీ, ఎవరైనా వస్తే టీ పెట్టేదీ ఆమే. గ్లాసులు గట్టు మీద పెట్టి, బల్ల వంక చూస్తూ నిలబడిపోయింది.

"ఇది ఉత్త బల్ల కాదు, రాజ్ కుమార్ గారూ," అంది ప్రసన్నకుమారి. "వరద గోదావరిలో కొట్టుకొస్తున్న టేకు దుంగని మా నాన్నగారు ఈది పట్టుకుని ఒడ్డుకి లాగారు. ఎవరికైనా అమ్ముకోవచ్చు, ఇంట్లో మంచం చేయించుకోవచ్చు. తెచ్చి దేవుడికిచ్చారు."

"మా తాత కూడా ఆ రోజు గోదాట్లో ఉన్నాడంటండి," అంది కృపారాణి నవ్వుతూ. "చిట్టియ్య తాతండి. మాయమ్మ సెప్పేది."

"ఉండే ఉంటాడు. తాడు పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలిగా," అంది ప్రసన్నకుమారి. "టీలో పంచదార మళ్ళీ ఎక్కువేశావు."

కృపారాణి నవ్వు అలాగే ఉంచుకుని ఖాళీ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

పాస్టరు రమేష్ బాబు గారిని అడిగారు. ఆయన మూడు ముక్కలనూ అటూ ఇటూ తిప్పి చూసి, ఇద్దరి మొహాలూ చూసి, ఏ మొహానికీ ఎదురుచెప్పలేక, "ప్రార్థనలో పెడదాం" అన్నారు. ఆయన ఆ ఊరు వచ్చాక తేలని విషయాలన్నీ ప్రార్థనలోనే ఉన్నాయి. బల్ల చెక్కకి ఏ పాలిష్ వెయ్యాలో తేల్చుకోలేని మనిషి పరలోకానికి దారి చూపిస్తాడట అనుకుని ప్రసన్నకుమారి గొడుగు తీసుకుంది.

మర్నాటి సాయంత్రం స్త్రీల సమాజం కూడిక. ప్రసన్నకుమారి కార్యదర్శి. పాటలయ్యాయి, వాక్యం అయింది. ప్రార్థన మనవులు చెప్పుకునే వేళకు ఆమె లేచి నిలబడింది. తరగతిలో మాట్లాడినట్టు మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి మాట్లాడింది.

"మన వెస్ట్రీలో, అయ్యగారి గదిలో, ఉండే బల్ల మీద ఒక పేరుంది. మీ అందరికీ అక్షరాలు దిద్దించిన మనిషి పేరు. ఇప్పుడు ఆ పేరుని లప్పంతో పూడుస్తారట. పైన నల్లరంగు కొడతారట. ఆ రంగు మీద ఇంకొకరి పేరు రాసుకుంటారట. నేను ఎవరినీ అనడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఒక మనిషి దేవుడికిచ్చిన దాని మీద అతని పేరు పూడ్చేసి, ఇంకొకళ్ళు తమ పేరు పెట్టుకుంటే దాన్ని ఏమంటారు? మన పిల్లలు ఎదుటివాడి పలక తీసుకుని పేరు చెరిపేసి నాదంటే ఏమంటాం?"

"దొంగతనమంటాం," అంది వెనకనుంచి ఎవరో.

"ఆ మాట మీరన్నారు, నేనన్లేదు," అంది ప్రసన్నకుమారి.

చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళలో కదలిక వచ్చింది. రాజ్ కుమార్ తల్లి ముందు వరసలోనే ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. గుమ్మం దగ్గర కూర్చున్న కృపారాణి కళ్ళు తుడుచుకుంది. రాత్రి బడిలో ఆమెకు అక్షరాలు నేర్పింది అబ్రహాము మాస్టారే. ఇప్పటికీ కూడబలుక్కునైనా బైబిలు చదువుకుంటుంది.

"తప్పండి," అంది కృపారాణి గట్టిగా. "పేరు తీసెయ్యడం శానా తప్పండి. సచ్చిపోయినోళ్ళు వచ్చి అడగలేరు కదండీ."

ప్రసన్నకుమారి ఆమెకేసి చూసి మెచ్చుకోలుగా తలాడించింది. కూడిక అయ్యాక గుంపులు గుంపులుగా మెట్లు దిగుతున్న ఆడవాళ్ళ మాటలు వింటుంటే ఆమెకు కడుపు నిండినట్టయింది. రాజ్ కుమార్‌కి డబ్బుంది, కారుంది, మాటలు మాత్రం రావు. మాటలు రానివాడు ఎంత ఎత్తుకెదిగినా తన ముందు వెనకబెంచీ కుర్రాడే. ఇంటికి వెళ్ళే దారంతా ఆమె ఆ తృప్తిలోనే నడిచింది.

రెండు రోజులు గుడి వైపు వెళ్ళలేదు, వెళ్తే ఆత్రంగా ఉన్నట్టుంటుందని. శనివారం పొద్దున స్కూలుకి వెళ్తూ, దారిలోనే కదా అన్నట్టు గుడి గేటు తీసింది. కృపారాణి కొళాయి దగ్గర కానుక పళ్ళేలు చింతపండు పెట్టి తోముతోంది. వీరబ్రహ్మం ఒక్కడే వరండాలో ఉన్నాడు. బల్ల చెక్క మొత్తం సన్న పేపరు పట్టి తయారుగా పెట్టాడు.

"వందనాలండి మేడంగారూ. ఇంక రంగు చెప్పడమే ఆలస్యం. గీతలేమైనా ఉన్నాయేమోనని థిన్నరేసి చూత్తున్నాను. చూడండి, క్లియరేస్తే ఇలాగే ఉంటది."

గుడ్డ థిన్నర్లో ముంచి, పిండి, ఒక చివరనుంచి రెండో చివరకి ఒక్క ఊపులో తుడిచాడు. తడి తగిలినంత మేరా చెక్క ముదురు తేనె రంగుకి తిరిగింది. సన్నటి ఈనెలు ఎక్కడివక్కడ పైకి తేలాయి. తండ్రి పేరు నల్లగా, నిండుగా కనపడింది. ప్రసన్నకుమారి సంతోషంగా వంగి చూసింది.

పేరుకీ "కానుక"కీ మధ్య, ఖాళీ అనుకున్న చోట, చెక్క అంతా ముదిరినా కొన్ని గీతలు మాత్రం ముదరలేదు. పాలిపోయినట్టు అలాగే ఉండిపోయాయి. గీతలు వంకరగా ఉన్నాయి, మేకుతో పొడిచినట్టున్నాయి. చకి గుడి. ట కింద ట. ఆమె కళ్ళు చదివేశాక ఆమెకు తెలిసింది. థిన్నరు ఆరిపోయింది. చెక్క మళ్ళీ ఒకే రంగుకి వచ్చింది.

"ఇంకోసారి తుడు," అంది.

అతను తుడిచాడు. చిట్టియ్య. కింద అదే చేత్తో, అదే వంకరతో, కానుక. రెండూ కలిపి చదువుకోవడానికి అడ్డేమీ లేదు. అడ్డు పడింది పైనున్న చక్కని దస్తూరీ ఒక్కటే.

"పాత లప్పమండి," అన్నాడు వీరబ్రహ్మం. "రంపపు పొట్టు జిగురులో కలిపి కూరారు. పెయింటు కింద ఉన్నన్నాళ్ళూ ఏం తెలీదు. తడి తగిలితే కర్ర పీల్చుద్ది, లప్పం పీల్చదు కదండీ. చిట్టియ్యంట. ఎవరండీ?"

"ఎవరో," అంది ప్రసన్నకుమారి.

నాన్నగారు ఊరికే పూడ్చి ఉండరు అనుకుంది. చిట్టియ్య అమ్ముకుని ఉంటాడు. కూలి తీసుకుని ఉంటాడు. కాదు, దుంగ అతనిదైనా బల్ల చేయించిన ఖర్చు నాన్నగారిదై ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి కారణాలు వచ్చి నిలబడ్డాయి. కానీ నీళ్ళలో ఈదుతూ దుంగని పట్టుకున్న నాన్నగారు మాత్రం, చిన్నప్పటినుంచీ ఆమె కళ్ళకు కట్టినట్టుండే ఆ నాన్నగారు మాత్రం, ఎంత పిలిచినా రాలేదు. నాన్నగారికి ఈత వచ్చని ఇంట్లో ఇంకెవరైనా అనగా విన్నానా అని వెతుక్కుంది. వినలేదు.

"దీన్ని చిత్రిక పట్టి తీసెయ్యలేవూ?"

"లోతుగా ఉందండి. అంత లోతు పడితే మీ నాన్నగారి పేరు ముందు పోద్ది."

"పోనీ ఆ నాలుగు గీతల మీదా కర్ర రంగు దిద్ది..."

"క్లియర్ కింద ఏం చేసినా మచ్చ కనపడుద్దండి. పైపెచ్చు రోజులు గడిచేకొద్దీ కర్ర ముదిరి అది ఇంకా తెల్లగా తేల్తది. వాల్‌నట్ అయితే అంతా ఒకటే నలుపు, అడుగున ఏమున్నా గొడవుండదు."

కొళాయి దగ్గర పళ్ళేలు ఒకదాని మీద ఒకటి బోర్లిస్తున్న చప్పుడు ఆగింది. కృపారాణి కొంగుకి చేతులు తుడుచుకుంటూ వరండా వైపు వస్తోంది. ప్రసన్నకుమారి తన క్యారేజీ సంచి ఎత్తి బల్ల మధ్యలో పెట్టింది. ఇంకా తడి ఆరని చోట, సరిగ్గా ఆ ఖాళీ మీద.

"అయ్యో సంచీకి అంటుద్దండి," అన్నాడు వీరబ్రహ్మం.

"ఫరవాలేదు. ఉండనీ."

గేటు దగ్గర కారు ఆగింది. రాజ్ కుమారూ పాస్టరు గారూ దిగారు. రాజ్ కుమార్ మొహంలో ఎప్పుడూ ఉండే ధీమా లేదు. వరండా మెట్లెక్కి, బల్లకు కొంచెం దూరంగా నిలబడ్డాడు.

"వందనాలు, టీచరుగారూ. ఇంటికే వద్దామనుకున్నాం," అన్నాడు. "ఆ రోజు మీరు మాట్లాడిందంతా మా అమ్మ వచ్చి చెప్పిందండి. చెబుతూ ఏడ్చేసింది. నువ్వు చేసేది మీ నాన్న ఉంటే ఒప్పుకోడు అంది. నిజమేనండి, నేను అంత ఆలోచించలేదు. క్లియరే వేయిద్దాం. మా నాన్న పేరు వద్దులెండి, గది మీద ఉందిగా. బల్ల మీద మాస్టారి పేరు ఒక్కటే ఉండాలి."

పాస్టరు గారు తన ప్రార్థన ఫలించినట్టు చిరునవ్వు నవ్వారు. కృపారాణి మెట్టు మీద నిలబడి రెండు చేతులూ జోడించింది. వీరబ్రహ్మం లక్క పాలిష్ సీసా కోసం సంచీలో చెయ్యి పెట్టాడు.

"వద్దండీ," అంది ప్రసన్నకుమారి.

అందరూ ఆమె వంక చూశారు.

"వాల్‌నట్టే వేయించండి."

"అదేంటండీ?" అన్నాడు రాజ్ కుమార్.

"ఆలోచించాను. మీరన్నదే సబబు. గదంతా కొత్తగా ఉండి బల్లొక్కటీ పాతగా ఉంటే బాగుండదు. క్లియర్ మీద టీ గ్లాసు పెడితే మరక. నూనె చెయ్యి పెడితే మరక. అయ్యగారు రోజూ వాడుకునే బల్ల. నలుగురు అధికారులు వచ్చే చోట."

అతని మాటలే అతనికి అప్పజెబుతుంటే రాజ్ కుమార్ ఎటు తల ఊపాలో తెలియక చూస్తున్నాడు. ఇందులో ఏదో ఎత్తు ఉందని అతనికి అనుమానం వచ్చినట్టుంది, అదేమిటో మాత్రం అందలేదు. "కానీ మాస్టారి పేరు పోద్ది కదండీ. మొన్న మీరేగా..."

"పేర్లదేముందండీ," అంది ప్రసన్నకుమారి. "దేవుడికి తెలిస్తే చాలదూ?"

"ఎంత తగ్గింపు మనసమ్మా!" అన్నారు పాస్టరు గారు. ఆయన కళ్ళు నిజంగానే తడిశాయి. "తల్లీ, ఇది వాక్యంలో చదవడమే గాని కళ్ళారా చూడటం ఇదే."

ఆ మాటకి ఆమె చెంపలు వేడెక్కాయి. అది సిగ్గో గర్వమో ఆమె విడదీసి చూసుకోలేదు. ఆ క్షణంలో రెండూ ఒకే చోట ఉన్నాయి.

రాజ్ కుమార్ బల్ల దగ్గరికి వచ్చాడు. పొదుపుగా మాట్లాడటం అతనికి చేతకాదు, మంచితనం వచ్చినా పొంగే వస్తుంది. "అలాగైతే ఒక్క మాట నాది కూడా ఉండనివ్వండి. వాల్‌నట్ వేయించి, ముందువైపు ఇత్తడి ప్లేటు నేను పెట్టిస్తాను. దాని మీద మాస్టారి పేరే. అబ్రహాము మాస్టారి కానుక అని. బల్ల మీద ఎలా ఉందో అలాగే. ఏమంటారు?"

వద్దు అనడానికి ఆమె నోరు తెరిచింది. అనడానికి ఇంతకు మించిన వేళ రాదని కూడా ఆమెకు తెలుసు. మెట్టు మీద కృపారాణి మొహం సంతోషంతో వెలిగిపోతోంది. సంచీ కింద చెక్క ఆరిపోయి ఉంటుంది ఈపాటికి.

"అక్షరాలు నేను రాసిస్తాను," అంది ప్రసన్నకుమారి. "ఆ చెక్కేవాళ్ళు వంకరటింకరగా చెక్కి పాడుచేస్తారు."

ఆ తర్వాతి ఆదివారానికి బల్ల కొత్త గదిలోకి చేరింది. వీరబ్రహ్మం మాట నిలబెట్టుకున్నాడు. గుంటలన్నీ పూడి, నలుపు మీద నలుపెక్కి, పైన పీయూ అద్దంలా కూర్చుంది. ఇత్తడి ప్లేటు మీద గుండ్రటి అక్షరాలు, దించిన కొమ్ము దించినట్టు, ఇచ్చిన దీర్ఘం ఇచ్చినట్టు ఉన్నాయి. ఆరాధనలో పాస్టరు గారు ఆమెను లేపి నిలబెట్టారు. తండ్రి పేరు పూడిపోతుందని తెలిసి కూడా సంఘం మేలు కోసం నోరు మూసుకున్న సహోదరి అన్నారు. అలాంటివాళ్ళను దేవుడే హెచ్చిస్తాడు, సాక్ష్యం ఆ ఇత్తడి ప్లేటే అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. రాజ్ కుమార్ అందరికంటే గట్టిగా కొట్టాడు. ప్రసన్నకుమారి తల వంచుకుని నిలబడింది, అది కూడా తగ్గింపు కిందకే వచ్చింది.

ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి గది చూసి, ఏసీ కింద నిలబడి, బల్లను ముట్టుకుని వెళ్ళారు. చివరికి గదిలో ఆమె, తలుపులు వెయ్యడానికి వచ్చిన కృపారాణి మిగిలారు. కృపారాణి ప్లేటు ముందు వంగి, ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టుకుంటూ పైకే చదివింది. అబ్రహాము. మాస్టారి. కానుక.

"మాస్టారు నేర్పిన అచ్చరాలే కదండీ, అందుకే తొందరగా వచ్చేత్తన్నాయి," అంది. "మా తాత ఉంటే ఎంత సంతోసించేవోడోనండి. ఆ బల్లంటే పేణం ఆడికి. ఎప్పుడు గుడికొచ్చినా వెస్ట్రీలోకెళ్ళి దాన్ని ఓసారి తడిమి వచ్చేవోడంటండి. ఎందుకో మాకు తెలీదు."

ప్రసన్నకుమారి చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. కృపారాణి ఇంకా నవ్వుతూనే ఉంది, అరచెయ్యి బల్ల మీద ఆనించి.

"చెయ్యి తియ్యి," అంది ప్రసన్నకుమారి. "మరకలు పడతాయి."